గనిపేట మారకం అంగడిలో కొసరు

రాగివారం

అబ్బబ్బబ్బ, ఏం గిరాకీ! నాకే దిష్టి తగిలేలా ఉంది. కొండమీద పొద్దుటి గంట కొట్టిందో లేదో, గునపాలు భుజాన వేసుకుని పైవాళ్ళంతా ఎగబడ్డారు. పైవాళ్ళంటే ఆట ఆడేవాళ్ళు. మేం ఆటలో ఉండేవాళ్ళం. వాళ్ళు వస్తారు, తవ్వుకుంటారు, పోతారు. మేం ఎక్కడికీ పోం, గనిపేటలోనే ఉండి వాళ్ళ వేషాలు తలుచుకుని నవ్వుకుంటాం.

నా పేరు నూకరత్నం. ఊళ్ళో మారకం అంగడి నాదే. పని తేలికే, కష్టమంతా నోటికే. నా బల్లమీద ఒక ఇత్తడి పళ్ళెం ఉంటుంది. నాలుగు రాగిరాళ్ళు అందులో పెడితే అవి మాయమై ఒక ఇనుపరాయి వస్తుంది. నాలుగు ఇనుపరాళ్ళకి ఒక వెండిరాయి, నాలుగు వెండిరాళ్ళకి ఒక మెరుపురాయి. వెనక్కి మార్చుకుంటే మాత్రం నష్టమే. ఒక ఇనుపరాయి పెడితే మూడే రాగిరాళ్ళు వస్తాయి. అదంతా పళ్ళెం చూసుకుంటుంది, నన్నడక్కండి.

నన్నడగాల్సింది కొసరు గురించి. బల్లకింద ఒక వెదురుబుట్ట ఉంది. అంగడి నిండుగా కనబడాలని ఆట కట్టినవాళ్ళు దాన్ని రాగిరాళ్ళతో నింపి పెట్టారు. ఎన్ని తీసినా తరగదు. మొదట్లో ఒక పైమనిషి మారకం అయ్యాక కూడా కదలకుండా చెయ్యి చాపి నిలబడ్డాడు. "ఏంటి బాబూ?" అన్నాను. "కొసరు వెయ్యవా?" అన్నాడు. ఆ మాట నాకెంత ముద్దొచ్చిందంటే, వంగి బుట్టలోంచి ఒక రాగిరాయి తీసి వాడి చేతిలో పెట్టేశాను. వాడి మొహం చూడాలి! అప్పట్నుంచి ఎవరొచ్చినా మారకానికి ఒక కొసరు రాయి. కొసరు వెయ్యని అంగడి కూడా ఒక అంగడేనా?

అంగడి కట్టేశాక ఎప్పటిలాగే రేవుకి వెళ్ళాను. అక్కడ దాలమ్మ పిన్ని ఉంటుంది, బోర్లించిన పాత పడవ పక్కన. ఏటిమీద వంతెన వచ్చాక రేవుకి ఎవరూ రావడం లేదు. పిన్నికి ఆట కట్టినవాళ్ళు ఒకే ఒక్క మాట ఇచ్చారు. ఏం చెప్పినా అదే అంటుంది. అయినా ఊళ్ళో నా సోది అంత ఓపిగ్గా వినేవాళ్ళు ఇంకెవరున్నారు?

"పిన్నీ, ఇవాళ అంగట్లో ఇసకేస్తే రాలనంత జనం!" అన్నాను.

"పడవ బాగుచెయ్యాలి. ఇనుపమేకు ఉందా నాయనా?" అంది పిన్ని.

"ఉంటే ఇవ్వనా? మనలో మనం ఇచ్చుకుంటే చెల్లదు కదే తల్లీ. చూశావుగా, నేనిచ్చిన మేకు నీ చేతిలోంచి జారిపోయింది. పైవాళ్ళే ఇవ్వాలి."

"పడవ బాగుచెయ్యాలి. ఇనుపమేకు ఉందా నాయనా?"

"సరే, సరే. ఆ పచ్చచొక్కా వాడి సంగతి విను..." అని మొదలెట్టాను. చీకటి పడేదాకా చెప్పి వచ్చాను.

ఇనుపవారం

ఇవాళ ఒక తమాషా. పులిహోర పిడుగు అని ఒక పైపిల్ల ఉంది. తలమీద పేరు పచ్చగా వెలుగుతూ తిరుగుతుంది. పైన ఏదో ఆఫీసులో కూర్చుని, పని చేస్తున్నట్టు నటిస్తూ ఆడుతుందిట. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో బొమ్మలా ఆగిపోతుంది. అలా ఆగిందంటే వాళ్ళ మేనేజరు వెనకాలకి వచ్చాడన్నమాట.

ఆ పిల్ల నాలుగు రాగిరాళ్ళు పెట్టింది. ఇనుపరాయి వచ్చింది, నేను కొసరు వేశాను. వెంటనే ఆ ఇనుపరాయిని తిరిగి పళ్ళెంలో పెట్టింది. మూడు రాగిరాళ్ళు వచ్చాయి, నేను కొసరు వేశాను. తన చేతిలోకి చూసుకుంది. నా మొహంలోకి చూసింది. మళ్ళీ చేతిలోకి చూసుకుంది.

"అక్కా, నాలుగు తెచ్చాను. అయిదున్నాయి."

"అయితే మంచిదేగా!"

"మంచిదేంటక్కా, బ్రహ్మాండం!" అని గెంతింది. "కొండెక్కక్కర్లేదు, గునపం పట్టక్కర్లేదు. నీ పళ్ళెం, నీ చెయ్యి ఉంటే చాలు!"

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నా అంగడి చుట్టూ వరస మూడు వీధులు తిరిగింది. ఇటు పెట్టు, కొసరు. అటు పెట్టు, కొసరు. వంగి లేచి, వంగి లేచి నా నడుం విరిగింది కానీ, ఆ సంబరం ముందు నడుమెంత? అందరూ నవ్వుతున్నారు, అందరూ "నూకరత్నమక్క చల్లగా ఉండాలి" అంటున్నారు. ఒకడైతే నా అంగడి ముందు డాన్సు చేశాడు. నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

వెండివారం

సంచులు నిండాయి. పెట్టెలు నిండాయి. ఇక పైవాళ్ళు రాళ్ళని వీధిలో పోసుకుని పక్కన పేరు రాసుకుంటున్నారు. కోడిపుంజు రాళ్ళగుట్ట ఎక్కి, దిగడం తెలీక అక్కడే కూస్తోంది. నేను మా గడప దాటడానికి ఎవరిదో రాగికొండ ఎక్కి దిగాల్సొచ్చింది. పడీపడీ నవ్వాను.

కొలిమి గవరయ్య బాబాయ్ మాత్రం నవ్వడం లేదు. ఆయన రాయి కరిగించి కత్తులూ డాళ్ళూ మేకులూ చేసే మనిషి. ఇవాళ ఆయన కొలిమి చల్లారిపోయి ఉంది.

"ఏం బాబాయ్, అలా ఉన్నావు?"

"ఎలా ఉండమంటావే? ఊరినిండా రాయి, ఒక్కడూ కరిగించమనడు. కత్తి చేయించుకుంటే రాయి తగ్గిపోతుందిట! రాయి దేనికి? దాచుకోడానికి. దాచుకుని ఏం చేస్తార్రా అంటే, లెక్కపెట్టుకుంటాం అంటున్నారు."

"పోన్లే, పిల్లలు సరదాపడుతున్నారు."

"సరదా సంగతి తర్వాత. అటు చూడు." గడియార స్తంభం వైపు చూపించాడు. స్తంభం మీద గడియారం కింద బరువు ముల్లు ఒకటి ఉంటుంది. దాన్ని మేమెవరం ఎప్పుడూ పట్టించుకోలేదు, ఎప్పుడూ కింద పడుకునే ఉండేది మరి. ఇప్పుడది ఎర్రగీత మీదకి ఎక్కి కూర్చుంది. "ప్రతి రాయినీ లోకం గుర్తుపెట్టుకోవాలి నూకరత్నం. ఎక్కడ పడుంది, ఎవరిది, ఎటు తిరిగి ఉంది, అన్నీ. లోకానికీ ఒక బుర్రే ఉంటుంది. నీ కొసరుకి అది పగిలేలా ఉంది."

"నా కొసరుని అనకు బాబాయ్!" అని కస్సుమన్నాను. ఒక్క రాగిరాయికి పగిలేది బుర్ర ఎలా అవుతుంది? అది కోడిగుడ్డు.

తుడుపువారం

వారం చివర తుడుపు. గంట మోగగానే లోకం తనని తాను తుడుచుకుంటుంది. ఎప్పుడూ పోయేవి కాలిముద్రలు, విరిగిన బాణాలు, చితికిన కుండలు. ఇవాళ గంటయ్యాక చూస్తే వేపచెట్టు నీడ లేదు. చెట్టుంది, నీడ లేదు. ఏరు పారుతోంది కానీ చప్పుడు పోయింది. చిలకలు తెల్లగా ఉన్నాయి, రంగు వేయడం మరిచిపోయినట్టు.

పైవాళ్ళకి ఇవేం కనబడలేదు. "అక్కా, అంగడి తియ్!" అంటున్నారు.

అప్పుడే ఆకాశంలో చాటింపు వినబడింది. ఎప్పుడోగానీ వినబడదు అది. గొంతు మర్యాదగానే ఉంటుంది, అదే భయం.

"గనిపేట వాసులకు గమనిక. లోకం బరువు మితిమీరినది. వచ్చే తుడుపువారం గంట లోపల ముల్లు గీత దిగని యెడల, ఆటగాళ్ళు రాని చోటు కనుక ఏటి రేవును, అందులోని సమస్తమును తొలగించెదము."

అందులోని సమస్తమునుట! రేవులో ఉన్నదేంటి? ఇసక, పడవ, మా పిన్ని.

చేతిలో కొసరు రాయి అలాగే ఉండిపోయింది. "వెయ్యక్కా" అంటున్నాడు ఎవడో. వాడి మొహం నాకు కనబడలేదు. ఆ రాయి ఎత్తి వాడిమీద విసరాలనిపించింది, నామీద నాకే ఒళ్ళు మండి. తలుపులు దబ్బున వేసేసి రేవుకి పరిగెత్తాను.

"పిన్నీ, నిన్ను తీసేస్తారుట!"

"పడవ బాగుచెయ్యాలి. ఇనుపమేకు ఉందా నాయనా?"

పిన్ని పక్కన కూర్చుని బోరున ఏడ్చాను. మామూలుగా నేను ఏడవను, అరుస్తాను. ఇవాళ అరవడానికి ఎవరూ దొరకలేదు.

రాగివారం

కొసరు బంద్! బుట్ట తీసుకెళ్ళి అటకమీద పెట్టి, నిచ్చెన తీసి గవరయ్య బాబాయ్‌కిచ్చేశాను.

ఎంత గోల చేశారమ్మా! "అన్యాయం" అన్నారు. "దోపిడీ" అన్నారు. తమకి ఉత్తినే ఇచ్చింది ఆపితే దోపిడీ ఎలా అవుతుందిరా అంటే ఇంకా గట్టిగా అరిచారు. ఒకాయన నా అంగడి ముందు బాసింపట్టు వేసుకుని నిరాహారదీక్షకి కూర్చున్నాడు. ఆటలో తిండే లేదు, ఆయన దీక్ష ఎన్నాళ్ళు సాగుతుందో ఆయనకే తెలియాలి. మొన్న డాన్సు చేసినవాడు ఇవాళ నేలమీద పడి దొర్లాడు.

వీళ్ళకి పిన్ని సంగతి చెప్పాను. బతిమాలాను. "రాళ్ళు తగ్గించండి నాయనా, మారకం చేసి తగ్గించండి, కరిగించండి, ఏదో ఒకటి చెయ్యండి. లేకపోతే రేవులో మా పిన్ని పోతుంది" అన్నాను.

"పిన్ని ఏమిస్తుంది?" అన్నాడు ఒకడు.

"ఏమిస్తుందేంట్రా, పిన్ని!"

వాడు గాల్లో ఏదో పుస్తకం తెరిచి చూసుకున్నాడు. "దాలమ్మ. పని: మేకులు తెచ్చి పడవ బాగుచేయుట. బహుమతి: ఏమీ లేదు." చదివి మూసేసి వెళ్ళిపోయాడు. అందరూ అంతే. ఎవరి కొండ వాళ్ళు కాపలా కాసుకుంటూ కూర్చున్నారు. కొసరు ఆపితే పెరగడం ఆగింది, అంతే. ముల్లు ఎక్కడున్నది అక్కడే ఉంది, గీతకి జానెడు పైన.

ఇనుపవారం

పొద్దుట్నుంచి పులిహోర పిడుగు నా ప్రాణం తోడేస్తోంది. వరసలో నిలబడుతుంది, మారకం చేస్తుంది, చెయ్యి చాపుతుంది. "లేదే" అంటాను. వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడుతుంది.

"అక్కా, ఒక్క కొసరు."

"లేదన్నానా!"

"చిన్నది."

"చిన్నదీ లేదు, పెద్దదీ లేదు."

"అక్కా, మా ఇంటి దగ్గర కూరగాయలాయన కూడా కరివేపాకు కొసరేస్తాడు. నువ్వు మరీ..."

నా తిక్క నెత్తికెక్కింది. "కొసరు కావాలా? కొసరు? అయితే వెళ్ళి రేవులో మా పిన్నిని అడుగు, పో!" అని అరిచాను. ఎవరైనా విసిగిస్తే "పోయి ఆ గోడనడుగు" అంటాం చూడండి, అలా అన్నాను. అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదు, ఒట్టు.

పిడుగు ఒక్క క్షణం ఆలోచించింది. రయ్యిన రేవు వైపు పరిగెత్తింది.

కాసేపటికి తిరిగొచ్చింది. కళ్ళు ఇంతింత చేసుకుని, నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా, "అక్కా, అడిగాను. ఇనుపమేకు ఉందా అంది" అంది.

"అంటుంది మరి."

"అంటే... కొసరు ఊరికే ఇవ్వరు. మేకులు తీసుకెళ్ళాలి. అంతేనా?"

నేను నోరు తెరిచాను. "కాదే పిచ్చిమొహమా" అనబోయాను. పిడుగు వెనకాల వరసంతా మెడలు చాచి వింటోంది. ఆ మెడలు చూశాక నా నోరు దానంతటదే మూసుకుంది.

"పుస్తకంలో బహుమతి ఏమీ లేదని రాశారు కదక్కా?" అంది పిడుగు ఇంకా నెమ్మదిగా. "ఏమీ లేదని ఎందుకు రాస్తారు? మిగతా అన్నిటికీ ఏదో ఒకటి రాశారు. దీనికి మాత్రం లేదని పనిగట్టుకుని రాశారంటే, ఏదో దాస్తున్నారనేగా?"

నేను అబద్ధం ఆడలేదు. నా రోజువారీ రాతల్లో నేను అబద్ధం ఎందుకు రాసుకుంటాను? నేనన్నది ఇంతే. "ఆ సంగతి నేను చెప్పకూడదమ్మా."

చెప్పడానికి ఏమీ లేదు కనక చెప్పకూడదన్నాను. తప్పా?

వరస మొత్తం ఒక్కసారి గాలి పీల్చుకున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత అంగడి ముందు ఒక్కడూ మిగల్లేదు. దీక్షలో ఉన్నాయన అందరికన్నా ముందు లేచాడు.

వెండివారం

మేకులు, మేకులు, మేకులు! గవరయ్య బాబాయ్ కొలిమి రాత్రంతా... కాదు, అసలు ఆరలేదు. ఒక ఇనుపరాయికి ఒక మేకు. ఆయన సుత్తి ఎత్తడం దించడం, చెమట తుడుచుకోవడం, "తొయ్యకండెహె!" అని అరవడం. వెయ్యి తిట్లు తిడుతున్నాడు, మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

ఇనుపరాళ్ళు అయిపోయినవాళ్ళు రాగిగుట్టలు మోసుకుని నా దగ్గరకొస్తున్నారు. నాలుగుకి ఒకటి, నాలుగుకి ఒకటి. పళ్ళెం వేడెక్కిపోయింది. కొసరు అడిగే తీరిక ఒక్కడికీ లేదు. వీధుల్లో గుట్టలు కరిగిపోతుంటే ఇళ్ళ గోడలు మళ్ళీ కనబడుతున్నాయి. కోడిపుంజు ఎట్టకేలకు నేల దిగింది.

రేవు దగ్గర చూడాలి! ఎప్పుడూ కాకి వాలని చోట తిరనాళ్ళలా ఉంది. ఒక్కొక్కరే వచ్చి, వంగి, పిన్ని చేతికి మేకు ఇస్తున్నారు. పిన్ని తీసుకుని పడవకి దిగ్గొడుతోంది. పడవలో కలిసిపోయిన మేకుని లోకం ఇక విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. తీసుకోగానే మళ్ళీ, "పడవ బాగుచెయ్యాలి. ఇనుపమేకు ఉందా నాయనా?" అంటోంది.

"అవ్వా, ఇందాకే ఇచ్చాగా!"

"పడవ బాగుచెయ్యాలి..."

"ఇంకా కావాలిట్రా!" అని వెనక్కి కేకేస్తున్నారు. "ఎన్ని ఎక్కువిస్తే అంత పెద్ద బహుమతట!" అని ఇంకొకడు. ఆ మాట ఎవడు పుట్టించాడో నాకు తెలీదు, నేను కాదు. ఒకడు పిన్ని కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఒకావిడ తన పేరుతోపాటు గోత్రం కూడా చెప్పి మేకు ఇచ్చింది.

నేను ఇసకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వి నవ్వి, మధ్యలో ముల్లు గుర్తొచ్చి స్తంభం వైపు చూశాను. దిగింది. చాలా దిగింది. గీతకి బెత్తెడు దూరంలో ఆగింది.

మెరుపువారం

బెత్తెడు దూరంలోనే ఆగింది.

పొద్దుట్నుంచి కదలడం లేదు. వీధులు ఊడ్చినట్టున్నాయి, గవరయ్య బాబాయ్ దగ్గర ఇనుము లేదు, నా దగ్గర మార్చేవాళ్ళు లేరు. గంట రేపే. పళ్ళెం ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాను.

"మెరుపురాళ్ళు" అన్నాడు బాబాయ్. "రాగిరాయిని ఎక్కడుందో ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు. మెరుపురాయి అలా కాదు, ఊరుకోకుండా మెరుస్తుంటుంది. ఆ మెరుపు ఒక్కోదాన్నీ లోకం కొత్తగా గీసుకోవాలి. అవి ఎవరి దగ్గరో పెద్ద పోగు ఉండి ఉంటుంది."

ఎవరి దగ్గరో ఏమిటి! నాకు తెలుసు. కొసరు కిటుకు కనిపెట్టింది ఎవరు మరి? పిడుగుని పిలిచి నిలదీశాను. కాసేపు ఆకాశం చూసింది, కాసేపు నేల చూసింది, ఆ తర్వాత తన సంచి మూతి తెరిచింది. నా కళ్ళు జిగేల్మన్నాయి.

"రెక్కల గుర్రం కోసమక్కా," అంది. "ఒక్క రాయి తక్కువుంది. ఎప్పట్నుంచో కూడబెడుతున్నాను. నేను పొద్దున బస్సులో నిలబడి వెళ్తాను, సాయంత్రం బస్సులో నిలబడి వస్తాను. ఒక్కసారి ఎగరాలని ఉంది."

ఏమనను? అబద్ధం చెప్పి కొసరు ఆశ పెట్టొచ్చు. మిగతా అందరినీ నోరు మూసుకుని నమ్మనిచ్చాను. ఈ పిల్ల బస్సు మాట చెప్పాక నాకు మనసొప్పలేదు.

"చూడమ్మా, నిజం చెప్తున్నాను. పిన్ని దగ్గర ఏమీ లేదు. నాకు తెలిసి ఏమీ లేదు. నువ్వు ఇవి ఇనుపరాళ్ళుగా మార్చి మేకులు చేయిస్తే నీకు గుర్రం రాదు, ఏదీ రాదు. నాకు మాత్రం మా పిన్ని ఉంటుంది. అంతే."

పిడుగు సంచి మూతి బిగించుకుంది. వెళ్ళిపోయింది. నిజం చెప్పినందుకు నా చెంపలు నేనే వాయించుకున్నాను.

తుడుపువారం

ఇదంతా ఏటిమీద రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ.

పొద్దున్నే ఇత్తడి పళ్ళెం నెత్తిన పెట్టుకుని రేవుకి వెళ్ళాను. పిన్ని పోయేటప్పుడు నేను అంగట్లో కూర్చుని ఉంటానా? నాతోపాటు గవరయ్య బాబాయ్ కొలిమిని చక్రాలబండి మీద తోసుకుంటూ వచ్చాడు. "ఎందుకు బాబాయ్?" అంటే "ఊరికే" అన్నాడు. పైవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. పడవ అంతా మేకులే, చెక్క ఎక్కడుందో వెతుక్కోవాలి. అయినా పిన్ని చెయ్యి చాపే ఉంది.

స్తంభం మీద గంట ఊగడం మొదలైంది. మోగడానికి ముందు అలా ఊగుతుంది. ఊపు అందుకునేదాకానే వ్యవధి.

అప్పుడు వచ్చింది పులిహోర పిడుగు, వగరుస్తూ. సంచి తీసి పళ్ళెంలో బోర్లించింది. మెరుపురాళ్ళు వెండిరాళ్ళయ్యాయి. "తొందరగా అక్కా!" వెండిరాళ్ళు మళ్ళీ పళ్ళెంలో పడ్డాయి, ఇనుపరాళ్ళయ్యాయి. మారకంలో ఎంత నష్టపోతోందో చూసి గుంపులో ఒకడు గుండె పట్టుకున్నాడు. బాబాయ్ సుత్తి చప్పుడు ఆగలేదు. మేకులు ఎర్రగా ఉండగానే పిడుగు చేతుల్లో పోశాడు.

"ఇదిగో మామ్మా!" అని పిడుగు పిన్ని వైపు రెండు చేతులూ చాపింది.

చాపి, బొమ్మలా ఆగిపోయింది.

"మేనేజరు!" అని గుంపంతా ఒక్కసారి మూలిగింది.

గంట ఊగుతోంది. మేకులు పిడుగు చేతుల్లో ఉన్నాయి. మేం ముట్టుకుంటే చెల్లదు, పైవాళ్ళు ఒకరి చేతిలోది ఒకరు తీసుకోలేరు. నేను ఆ పిల్ల చుట్టూ గిరగిరా తిరిగాను. "ఓ పైన ఉన్న మేనేజరు బాబూ, నీకు పుణ్యముంటుంది, వెళ్ళి టీ తాగు నాయనా! అల్లం టీ తాగు! బజ్జీలు తిను!" అని ఆకాశంకేసి చూసి కేకలు పెట్టాను. పైవాళ్ళందరూ నాతోపాటు "టీ! టీ! టీ!" అని అరిచారు. వాళ్ళ మేనేజర్లకి కూడా వినబడి ఉంటుంది.

పిడుగు కనురెప్ప కొట్టుకుంది. "వెళ్ళాడు," అంది. మేకులు పిన్ని ఒళ్ళో పడ్డాయి.

గంట మోగింది.

నేను కళ్ళు మూసుకుని పిన్ని భుజం పట్టుకున్నాను. గట్టిగా. ఇసక జరిగినట్టయింది. చాలాసేపటికి ఏరు గలగలమనడం వినబడింది. చప్పుడు! ఏటికి చప్పుడొచ్చింది! కళ్ళు తెరిచేసరికి వేపచెట్టు కింద నీడ పడుంది, చిలకలు పచ్చగా అరుస్తున్నాయి, ముల్లు గీతకి కిందికి దిగింది, నా చేతికింద పిన్ని భుజం వెచ్చగా ఉంది.

గుంపు పెట్టిన కేకకి నా చెవులు చిల్లులు పడ్డాయి. ఎవరో పిడుగుని భుజాలమీదకి ఎత్తుకున్నారు. బాబాయ్ సుత్తి పారేసి మొహం కడుక్కునే నెపంతో ఏట్లోకి దిగాడు. దీక్షాయన మాత్రం అందరి గోలలోంచీ గొంతు పెంచి, "బహుమతి సంగతేంటి?" అన్నాడు.

అందరూ పిన్నికేసి తిరిగారు. ఇప్పుడు నన్ను తంతారు అనుకున్నాను.

పిన్ని చివరి మేకు దిగ్గొట్టింది. పడవని ఒక్క తోపు తోస్తే అది తిరగబడి నీళ్ళలోకి జారింది. అంత ఇనుముతో మునిగిపోతుందనుకున్నాను, మునగలేదు. అవతల ఒడ్డు మా ఊళ్ళో ఎవరూ చూడలేదు, అక్కడ ఎప్పుడూ తెల్లటి మంచే. ఇప్పుడు ఆ మంచులో సన్నగా ఒక గట్టు, గట్టుమీద కొండ, కొండమీద ఏ రంగో నాకు పేరు తెలియని రాయి మెరుస్తూ కనబడుతున్నాయి. పైవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పిడుగు భుజాలమీదనుంచి జారి దిగి, పడవ అంచు పట్టుకుంది.

పిన్ని పడవెక్కి కూర్చుంది. గుంపునంతా ఒకసారి చూసింది. నావైపు తిరిగింది. నేను అలవాటుగా "మేకులయిపోయాయి పిన్నీ" అన్నాను.

"నూకరత్నం," అంది పిన్ని. "రోజూ నీ వాగుడు విని విని నా చెవులు పోయాయి. ఇవాళ కాసేపు నేను మాట్లాడతాను. ఎక్కి తెడ్డు పట్టు."

ఎక్కాను. ఏడుస్తూ, నవ్వుతూ, తెడ్డు తలకిందులుగా పట్టుకుని.